దీపం ఒకరిది, స్తంభం మరొకరిది: అమెరికా లైట్‌హౌస్‌లు నిలిచిన తీరు

సంక్షిప్తంగా

అమెరికా ప్రభుత్వం 2000 నాటి చట్టం ప్రకారం పాత లైట్‌హౌస్‌లను అర్హత గల సంస్థలకు ఉచితంగా ఇస్తోంది. తీసుకునేవారు లేకపోతే వేలం వేస్తోంది. నౌకలకు దారి చూపే పని ఉపగ్రహాలకు మారడం దీనికి పైకి కనిపించే కారణం. అసలు కారణం అంతకన్నా పాతది. దీపం, కటకం, కట్టడం, దాని కింది నేల అనే నాలుగింటి బాధ్యత కాలక్రమంలో వేర్వేరు చేతుల్లోకి విడిపోయింది. మూడు శతాబ్దాల అనుభవాన్ని చూస్తే, ఒక స్తంభం నిలవడంలో రాతి గట్టిదనం కన్నా దాన్ని రోజూ చూసుకునే మనిషి ఉండటమే ఎక్కువ పనిచేసినట్టు తేలుతుంది.

ఉచితంగా ఇవ్వడం వెనుక ఉన్న ప్రశ్న

అమెరికా ప్రభుత్వ ఆస్తుల వ్యవహారాలు చూసే జనరల్ సర్వీసెస్ అడ్మినిస్ట్రేషన్ 2023 మే నెలలో పది లైట్‌హౌస్‌లను వదులుకుంటున్నట్టు ప్రకటించింది. ఆరింటిని ఉచితంగా ఇస్తామని, నాలుగింటిని వేలం వేస్తామని తెలిపింది. ఇలాంటి వార్త చదివినవారికి రెండు సందేహాలు కలగడం సహజం. లైట్‌హౌస్ పని ముగిసిపోయిందా? ముగిసిపోతే, అమ్మిన తరువాత కూడా చాలా స్తంభాల మీద రాత్రివేళ దీపం ఎందుకు వెలుగుతోంది?

రెండో ప్రశ్నకు జవాబు తెలిస్తే మొదటిది తేలిపోతుంది. బయటి నుంచి చూసేవారికి లైట్‌హౌస్ ఒకే వస్తువు. దాన్ని నడిపేవారి లెక్కలో మాత్రం అది రెండు: నౌకలకు కనిపించే దీపం ఒకటి, ఆ దీపాన్ని ఎత్తులో నిలబెట్టే కట్టడం మరొకటి. ఎత్తు ఎందుకంటే భూమి గుండ్రంగా ఉంది. నీటి మట్టానికి 150 అడుగుల ఎత్తున ఉన్న దీపం, 15 అడుగుల ఎత్తులో కన్ను ఉన్న నావికుడికి సుమారు 19 నాటికల్ మైళ్ల దూరం నుంచి కనిపిస్తుంది. అంతకు మించితే దీపం ఎంత ప్రకాశవంతమైనదైనా భూగోళపు వంపు అడ్డం వస్తుంది. ఆ కొద్ది మైళ్ల కోసమే ఇంత ఇటుక, ఇంత ఇనుము, ఇంత గ్రానైటు పోగుచేశారు. దీపం మూడు వందల ఏళ్లలో అనేకసార్లు మారింది, కట్టడం మాత్రం ప్రతి మార్పునూ మోయవలసివచ్చింది.

ఖజానా నెత్తికెత్తుకున్న తొలి పని

బ్రిటిష్ వలసల కాలంలో మొదటి లైట్‌హౌస్ 1716లో బోస్టన్ ఓడరేవు ముఖద్వారంలోని లిటిల్ బ్రూస్టర్ దీవిలో వెలిగింది. వచ్చే పోయే ఓడల నుంచి టన్నుకు ఒక పెన్నీ చొప్పున వసూలు చేసి దాన్ని నడిపారు. స్వాతంత్ర్య యుద్ధంలో, 1776లో, వెనుదిరిగిపోతున్న బ్రిటిష్ సైనికులు దాన్ని పేల్చివేశారు. ఇప్పుడు అక్కడ కనిపిస్తున్నది 1783లో తిరిగి కట్టినది. అందువల్ల కట్టినప్పటి స్తంభం చెక్కుచెదరకుండా నిలిచినవాటిలో అత్యంత పాతది అనే గౌరవం న్యూజెర్సీలోని శాండీ హుక్‌కు దక్కింది. న్యూయార్క్ వర్తకులు లాటరీలు నడిపి పోగుచేసిన సొమ్ముతో 1764లో దాన్ని కట్టించారు.

కొత్త దేశపు కాంగ్రెస్ 1789 ఆగస్టు 7న చేసిన చట్టం లైట్‌హౌస్‌ల చరిత్రను మలుపు తిప్పింది. ఆ సభ చేసిన తొమ్మిదో చట్టం అది. రాష్ట్రాల చేతుల్లో ఉన్న దీపాలను కేంద్ర ప్రభుత్వం స్వీకరించి, వాటి మరమ్మతులను, నిర్వహణను ఖజానా ఖర్చుగా మార్చింది. తొలి ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ శాఖ కిందికి ఈ వ్యవహారమంతా వచ్చింది, కాంట్రాక్టుల ఆమోదం అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ దాకా వెళ్లేది. మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ హెడ్ 1791 జనవరిలో, వర్జీనియాలోని కేప్ హెన్రీ 1792లో వెలిగాయి.

ఈ ఏర్పాటు ప్రత్యేకత పోల్చి చూస్తేనే అర్థమవుతుంది. ఇంగ్లండులో దీపాల ఖర్చు ఓడల మీద విధించే రుసుము నుంచి వచ్చేది. భారతదేశంలోనూ 1927 నాటి లైట్‌హౌస్ చట్టం ఆ పద్ధతినే పాటించింది. 2021లో దాని స్థానంలో వచ్చిన చట్టం కూడా రుసుమును కొనసాగించింది కాబట్టి విశాఖపట్నం రేవుకు వచ్చే విదేశీ ఓడ నేటికీ ఆ సొమ్ము చెల్లించాల్సిందే. అమెరికా దీపాన్ని రోడ్డు లాంటి ప్రజా సదుపాయంగా లెక్కించింది. అందువల్ల రాబడి లేని మారుమూల తీరాలకు కూడా దీపాలు దక్కాయి, అయితే అదే కారణంగా ప్రతి దీపమూ ఖజానా పొదుపుకు లోబడి బతకవలసివచ్చింది. ఆ పొదుపు ఎంత నష్టం చేయగలదో తరువాతి దశలో తేలింది.

పొదుపు మసకబార్చిన దీపాలు

1820 నుంచి 1852 వరకు అమెరికా దీపాలన్నీ ఖజానాలోని ఒక ఆడిటరు, స్టీఫెన్ ప్లెజంటన్, చేతిలో ఉన్నాయి. ఆయన లెక్కల మనిషి. సముద్రయానంలో గానీ కాంతిశాస్త్రంలో గానీ అనుభవం లేదు. ఆయన చేపట్టినప్పుడు 55గా ఉన్న లైట్‌హౌస్‌లు దిగిపోయేనాటికి 300 దాటాయి. సంఖ్య పెరిగింది గానీ నాణ్యత పెరగలేదు. తక్కువ ధర చెప్పిన కాంట్రాక్టరుకు పని దక్కేది. పునాది లోతు, సున్నం నాణ్యత పరీక్షించే ఇంజనీరు ఉండేవాడు కాదు.

దీపాల సంగతి ఇంకా దయనీయం. విన్‌స్లో లూయిస్ అనే నౌకా కెప్టెన్ పేటెంటు పొందిన దీపాన్ని ప్రభుత్వం 1812లో కొని దేశమంతటా అమర్చింది. బోలు వత్తి గల ఆర్గాండ్ దీపం వెనుక పలుచటి రాగి రేకు మీద వెండి పూత పూసిన అద్దం, ముందు ఆకుపచ్చని మందపాటి గాజు: ఇదీ దాని అమరిక. రోజూ తుడిచే కొద్దీ వెండి అరిగిపోయేది, ముందున్న గాజు వెలుతురులో కొంత మింగేసేది. అదే కాలంలో ఫ్రాన్సులో అగస్టిన్ ఫ్రెనెల్ అనే భౌతికశాస్త్రవేత్త వేరే దారి చూపాడు. మందమైన ఒకే కటకానికి బదులుగా, దాని వంపును మాత్రం ఉంచుకుని లోపలి గాజును తీసేసి, పట్టకాలను వలయాలుగా పేర్చితే, దీపం నుంచి పైకీ కిందికీ చెదిరిపోయే కాంతి కూడా వంగి దిగంతం వైపు ఒకే పలకగా సాగుతుంది. 1823లో ఫ్రాన్సులోని కార్దువాన్ స్తంభం మీద దీన్ని అమర్చారు.

అమెరికాకు ఆ కటకం చేరడానికి 1841 దాకా పట్టింది, అదీ న్యూజెర్సీలోని నేవ్‌సింక్ జంట స్తంభాలకే పరిమితమైంది. కటకం ఖరీదైనదన్నది ప్లెజంటన్ అభ్యంతరం. నిజానికి ఆ లెక్కలోనే పొరపాటుంది. పాత పద్ధతిలో ఒక స్తంభానికి డజనుకు పైగా దీపాలు కావాలి, ప్రతి దీపమూ తిమింగలపు నూనె తాగుతుంది. ఫ్రెనెల్ కటకానికి ఒక్క దీపం చాలు. కొనేటప్పుడు మిగిల్చిన డబ్బు నూనె రూపంలో ఏటేటా కారిపోయింది, దారి తప్పిన ఓడల లెక్క వేరే. విచిత్రమేమంటే, ఈ వ్యవస్థను 1843లో గట్టిగా తప్పుపట్టిన నివేదిక రాసిన ఇంజనీరు విన్‌స్లో లూయిస్ సొంత మేనల్లుడే.

1851లో కాంగ్రెస్ విచారణ జరిపించి, 1852లో నావికాధికారులు, సైనిక ఇంజనీర్లు, శాస్త్రవేత్తలతో లైట్‌హౌస్ బోర్డును ఏర్పాటు చేసింది. పదేళ్లు తిరగకుండానే దాదాపు అన్ని దీపాలకూ ఫ్రెనెల్ కటకాలు వచ్చాయి. బోర్డు సభ్యుడైన భౌతికశాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ నూనెల మీద పరిశోధన చేసి, తిమింగలపు నూనె ధర అందుబాటు దాటిపోయిన వేళ, పంది కొవ్వు నూనెను తగినంత వేడి చేసి వాడితే అంతే చక్కగా మండుతుందని నిరూపించాడు. తరువాత కిరోసిన్, ఆపైన విద్యుత్తు వచ్చాయి. ఇన్ని మార్పులు వచ్చినా చాలాచోట్ల స్తంభాన్ని కూల్చవలసిన అవసరం రాలేదన్నది గమనించాలి. పైనున్న గాజు గది మారింది, కింది కట్టడం అలాగే ఉంది.

నేలను బట్టి నిలుపు

బోర్డు తెచ్చిన అసలు మార్పు నిర్మాణంలో కనిపిస్తుంది. అంతవరకు తీరాన్ని బట్టి కాక డబ్బును బట్టి కట్టేవారు. ఇంజనీర్లు వచ్చాక ప్రతి చోటా నేల ఏమి అడుగుతోందో చూశారు.

మసాచుసెట్స్ తీరానికి ఎదురుగా ఉన్న మైనాట్స్ లెడ్జ్ అనే రాతి గుట్ట దీనికి మంచి ఉదాహరణ. ఆటు సమయంలో కొద్దిసేపు మాత్రమే బయటపడే ఆ గుట్ట మీద 1850 జనవరిలో ఇనుప కాళ్లపై నిలిచిన దీపాన్ని వెలిగించారు. సన్నని కాళ్ల మధ్య నుంచి కెరటం దూసుకుపోతుంది గనుక దెబ్బ తక్కువగా తగులుతుందన్నది దాని వెనుక ఆలోచన. పదిహేను నెలలు గడవగానే, 1851 ఏప్రిల్ తుపానులో కట్టడం కూలి, దీపాన్ని చూసుకునే ఇద్దరు సహాయ కీపర్లు సముద్రం పాలయ్యారు. రెండోసారి ఆలోచనను తిరగేశారు. కెరటానికి దారి ఇవ్వకుండా ఎదురు నిలిచే గ్రానైటు స్తంభం కోసం 1855లో పని మొదలైంది. ఒక్కో రాయినీ పక్క రాళ్లతో, కింది రాళ్లతో వడ్రంగి చేసే కీలు లాగా బిగుసుకునేలా చెక్కి, ఒడ్డున ముందే పేర్చి సరిచూసి, తరువాత గుట్ట మీదికి తరలించారు. కెరటం కొట్టే కొద్దీ అవి మరింత బిగుసుకుంటాయి. 1860 నవంబరులో వెలిగిన ఆ స్తంభం నేటికీ నిలిచే ఉంది.

ఆశ్చర్యం ఏమిటంటే, మైనాట్స్ లెడ్జ్‌లో ఓడిపోయిన అదే ఇనుప చట్రం ఫ్లోరిడాలో గెలిచింది. అక్కడి పగడపు దిబ్బల మీద బరువైన రాతి స్తంభం కట్టే వీలు లేదు. పగడం దాన్ని మోయలేదు. 1852లో కారిస్‌ఫర్ట్ రీఫ్, 1858లో సాంబ్రెరో కీ, 1873లో అలిగేటర్ రీఫ్ మీద వెడల్పాటి పాదాలతో, అడ్డకమ్మీలతో బిగించిన ఇనుప కట్టడాలు లేచాయి. మొదటి రెండింటి నిర్మాణంలో పాలుపంచుకున్న జార్జ్ మీడ్ తరువాత అంతర్యుద్ధంలో గెటిస్‌బర్గ్ సేనానిగా పేరు పొందాడు. 1935 సెప్టెంబరులో ఫ్లోరిడా కీస్‌ను చీల్చిన హరికేన్‌లో రైలు మార్గమే కొట్టుకుపోయింది, అలిగేటర్ రీఫ్ స్తంభం మాత్రం నిలిచింది. ఒకే నమూనా ఒకచోట పనికివచ్చి మరొకచోట ఎందుకు విఫలమైందంటే, కెరటం తీరు, పునాది తీరు రెండుచోట్లా వేరు కావడమే.

చెసాపీక్ అఖాతంలో మెత్తటి బురద నేల. అక్కడ ఇనుప కాళ్ల చివర పెద్ద మరలు అమర్చి నేలలోకి తిప్పి దించి, పైన చెక్క ఇల్లు కట్టారు. వీటికి శత్రువు కెరటం కాదు, శీతాకాలంలో నదుల నుంచి కదిలివచ్చే మంచుగడ్డలు. అనేక ఇళ్లను మంచు తోసేసింది. 1875 నాటి థామస్ పాయింట్ షోల్ ఒక్కటే ఆ రకం ఇళ్లలో చెసాపీక్ నీటిలో తన చోటనే మిగిలింది.

నార్త్ కరొలైనాలోని కేప్ హాటెరాస్ నేల మరీ వింత. తీరమంతా ఇసుక, దాని ఎదుట ఓడలను మింగే డైమండ్ షోల్స్ అనే ఇసుక తిన్నెలు. 1870లో పూర్తయిన సుమారు 200 అడుగుల ఇటుక స్తంభం కోసం అక్కడ తవ్వితే కొద్ది అడుగుల్లోనే ఊటనీరు తగిలింది. మేస్త్రీ డెక్స్టర్ స్టెట్‌సన్ ఆ నీటిని శత్రువుగా చూడలేదు. నీటి మట్టానికి దిగువన పైన్ దూలాలను అడ్డదిడ్డంగా రెండు వరుసలు పరిచి, వాటి మీద గ్రానైటు, ఆపైన లక్షలాది ఇటుకలు పేర్చాడు. మంచినీటిలో మునిగి గాలి తగలని కలప కుళ్లదు. 130 ఏళ్ల తరువాత తవ్వి చూసినప్పుడు ఆ దూలాలు గట్టిగానే ఉన్నాయి. అయితే ఈ పునాది ఒక షరతు మీద నిలిచింది: చుట్టూ ఇసుక ఉండాలి, లోపల మంచినీరు ఉండాలి. ఉప్పునీరు చొరబడి ఇసుక జారిపోతే కలపా ఉండదు, స్తంభమూ ఉండదు.

కీపర్ దిగిపోయిన తరువాత

1939లో లైట్‌హౌస్ సర్వీసును కోస్ట్‌గార్డులో కలిపారు. 1968లో దీపాలను యాంత్రికం చేసే పథకం మొదలైంది. మనిషి లేకుండా సూర్యాస్తమయానికి వెలిగి, ఉదయానికి ఆరే దీపం కావాలన్న కోరిక కొత్తది కాదు. స్వీడన్ ఇంజనీరు గుస్టాఫ్ డాలెన్ ఎసిటిలీన్ వాయువును పగటి వెలుతురు తగలగానే ఆపే కవాటాన్ని కనిపెట్టి 1912లోనే నోబెల్ పొందాడు. విద్యుత్తు, వెలుతురును పసిగట్టే ఫొటోసెల్, దూరం నుంచి హెచ్చరించే పరికరాలు వచ్చాక కీపరు కుటుంబాన్ని రాతి గుట్ట మీద ఉంచడం అనవసరమైన ఖర్చుగా, ప్రమాదంగా తోచింది. దీపం దృష్టితో చూస్తే అది సరైన నిర్ణయమే.

కట్టడం దృష్టితో చూస్తే జరిగింది వేరు. కీపరు ఉద్యోగం దీపం వెలిగించడమని అందరూ అనుకుంటారు గానీ, అతని రోజులో ఎక్కువ భాగం కట్టడానికే పోయేది: రంగు వేయడం, తుప్పు గీకడం, కిటికీలు తెరిచి మూయడం, పగుళ్లలో సున్నం నింపడం. తెల్లటి చేతి తొడుగుతో దుమ్ము పరీక్షించే ఇన్‌స్పెక్టర్ వస్తాడన్న భయంతో ఇత్తడి మెరిసేది. రోడ్ ఐలండ్‌లోని లైమ్ రాక్‌లో ఉంటూ 18 మందిని నీటి నుంచి రక్షించిన ఘనత అధికారికంగా దక్కిన ఐడా లూయిస్ లాంటి మహిళా కీపర్లు కూడా ఇదే పని చేశారు, చాలాసార్లు తండ్రికో భర్తకో బదులుగా, ఆ తరువాత తమ పేరునే.

ఆ మనిషి వెళ్లిపోగానే కిటికీలకు ప్లైవుడ్ కొట్టారు, గాలిరంధ్రాలు మూశారు. స్తంభం నిజానికి పొగగొట్టం లాంటిది. కింద చల్లని గాలి చొరబడి పైనుంచి బయటికి పోతేనే లోపలి తేమ పోతుంది. దారి మూసుకుంటే తేమ గోడల మీద నీరుగా దిగుతుంది, ఇనుప మెట్లు తుప్పుపడతాయి, తుప్పు ఉబ్బి ఇటుకను చీలుస్తుంది. మరమ్మతు పేరిట పాత సున్నపు గచ్చు తీసి గట్టి సిమెంటు పూసిన చోట నష్టం ఇంకా పెరిగింది. సున్నం మెత్తన, లోపలి తేమను బయటికి వదులుతుంది, కదలికను ఓర్చుకుంటుంది. సిమెంటు తేమను ఇటుక వెనుక బంధిస్తుంది. చలికాలంలో అది గడ్డకట్టి ఇటుక ముఖాన్ని పెచ్చులుగా ఊడదీస్తుంది. వంద ఏళ్లలో సముద్రం చేయలేని చెరుపు ముప్ఫై ఏళ్ల ఖాళీతనం చేసిందనడం అతిశయోక్తి కాదు.

కటకాలకూ కాపలా పోయింది. ఫ్లోరిడాలోని సెయింట్ అగస్టీన్ స్తంభంలో 1986లో ఎవరో రైఫిల్‌తో కాల్చి 19 పట్టకాలు పగలగొట్టారు. 1874 నాటి ఆ కటకాన్ని స్థానికులు పట్టుదలతో బాగుచేయించి 1993లో తిరిగి వెలిగించారు. చాలాచోట్ల ఫ్రెనెల్ కటకాలను దించి మ్యూజియాలకు పంపి, వాటి స్థానంలో విమానాశ్రయ దీపాలను, తరువాత ప్లాస్టిక్ కటకాలను, ఇప్పుడు ఎల్‌ఈడీలను పెట్టారు. నావికుడికి తేడా లేదు, స్తంభానికి మాత్రం తన మీద ఆధారపడినది ఒకటి తగ్గిపోయింది.

సముద్రం దగ్గరికి వచ్చినప్పుడు

తీరం కదలని గీత కాదు. కెరటాలు ఏటవాలుగా తగులుతూ ఇసుకను తీరం పొడవునా ఒకవైపుకు నడిపిస్తాయి. ఒకచోట కోసినది మరొకచోట చేరుతుంది. శాండీ హుక్ స్తంభాన్ని కట్టినప్పుడు అది ఇసుక కొన నుంచి సుమారు 500 అడుగుల దూరంలో ఉండేది. ఇప్పుడు ఆ కొన దాదాపు ఒకటిన్నర మైళ్లు ముందుకు పెరిగింది. అదే ప్రక్రియ కేప్ హాటెరాస్‌లో వ్యతిరేక దిశలో పనిచేసింది. 1870లో 1,500 అడుగుల దూరంలో ఉన్న సముద్రం 1935 నాటికి 100 అడుగుల దగ్గరికి వచ్చింది.

ఈ సమస్యకు మూడు రకాల జవాబులు కనిపిస్తాయి. మొదటిది గట్టును కాపాడటం. న్యూయార్క్ రాష్ట్రపు తూర్పు కొసలోని మాంటాక్ పాయింట్ స్తంభం 1796లో పూర్తయింది. కోసుకుపోతున్న దాని మట్టి గట్టును 1970 నుంచి జార్జినా రీడ్ అనే వస్త్ర డిజైనరు స్వచ్ఛంద సేవకులతో కలిసి మెట్లు మెట్లుగా మలిచి, రెల్లు కట్టలు పాతి నిలబెట్టారు. ఆమె పద్ధతి వాననీరు గట్టును కోయకుండా ఆపింది, కింది కెరటాన్ని ఆపడానికి భారీ బండరాళ్ల కట్ట అవసరమైంది.

రెండోది వెనక్కి జరపడం. హాటెరాస్ విషయంలో గోడ కట్టాలా, జరపాలా అన్న వాదన ఏళ్ల తరబడి సాగింది. 1988లో నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ జరపడమే మేలని సూచించింది. గోడ కడితే స్తంభం నిలిచినా చుట్టూ తీరం కోసుకుపోయి అది నీటిలో ఒంటరి దీవి అవుతుంది, పునాదిలోని కలపకు ఉప్పునీరు తగులుతుంది. 4,800 టన్నుల ఇటుక స్తంభం కదిలిస్తే విరిగిపోతుందని స్థానికులు భయపడటంలో వింత లేదు. 1999 జూన్ 17న మొదలుపెట్టి జూలై 9 వరకు, 23 రోజుల్లో, జాకీల మీద ఎత్తి ఉక్కు పట్టాలపై కొద్దికొద్దిగా తోస్తూ 2,900 అడుగుల దూరం జరిపారు. ఖర్చు సుమారు కోటీ ఇరవై లక్షల డాలర్లు. స్తంభం మళ్లీ సముద్రానికి దాదాపు 1,600 అడుగుల దూరంలో నిలిచింది, అంటే పుట్టినప్పటి దూరమే మళ్లీ దక్కింది. బ్లాక్ ఐలండ్‌లోని సౌత్‌ఈస్ట్ స్తంభాన్ని 1993లో, కేప్ కాడ్‌లోని హైలాండ్, నాసెట్ స్తంభాలను 1996లో, గే హెడ్ స్తంభాన్ని 2015లో ఇలాగే జరిపారు.

మూడోది నీటిలోనే నిలపడం. సౌత్ కరొలైనాలోని మారిస్ ఐలండ్ స్తంభం 1876లో నేల మీద కట్టినది. చార్ల్‌స్టన్ రేవులోకి పెద్ద ఓడలు రావడానికి 1896 నాటికి పూర్తిచేసిన రాతి గట్లు ఇసుక నడకను దారి మళ్లించాయి. దీవి కోసుకుపోతూ చివరికి స్తంభం సముద్రం మధ్య మిగిలింది. 1962లో దీపం ఆర్పేసి వేరే స్తంభం కట్టారు. ఓడల మేలు కోసం చేసిన ఒక పని ఓడల మేలు కోసం చేసిన మరొక పనిని ముంచింది. స్థానిక సంఘం 1999లో దాన్ని కొని రాష్ట్రానికి అప్పగించింది. ఆ తరువాత పునాది చుట్టూ ఉక్కు పలకల వలయం దించి, పురుగు తొలిచిన కలప గుంజలకు ఊతం ఇచ్చారు. స్తంభం కొంచెం ఒరిగే ఉంది, పడిపోలేదు.

2000 చట్టం పనిచేసే తీరు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి రావచ్చు. నేషనల్ హిస్టారిక్ లైట్‌హౌస్ ప్రిజర్వేషన్ చట్టం ప్రకారం ముందుగా కోస్ట్‌గార్డు ఒక కట్టడం తనకు మిగులని ప్రకటిస్తుంది. స్థానిక సంస్థలు, లాభాపేక్ష లేని సంఘాలు, విద్యాసంస్థలు దరఖాస్తు చేసుకోవచ్చు. కట్టడాన్ని బాగుచేసి నిలబెట్టే స్తోమత వారికుందా అన్నది నేషనల్ పార్క్ సర్వీసు పరిశీలిస్తుంది. ఎంపికైనవారికి ఉచితంగా దక్కుతుంది గానీ ప్రజలకు సందర్శన అవకాశం ఇవ్వాలి, సంరక్షణ ప్రమాణాలు పాటించాలి. తప్పితే ఆస్తి తిరిగి ప్రభుత్వానికి పోవచ్చు. ఎవరూ ముందుకు రానివి వేలానికి వెళతాయి. బోస్టన్ రేవు ముందున్న గ్రేవ్స్ స్తంభం 2013లో 9,33,888 డాలర్లకు అమ్ముడుపోయింది. 2023 నాటికి ఈ చట్టం కింద 150కి పైగా లైట్‌హౌస్‌లు చేతులు మారాయి.

దీపం వెలుగుతున్న స్తంభమైతే, కొత్త యజమాని చేతికి కట్టడం వస్తుంది, దీపం రాదు. దీపం, పొగమంచు హారను, వాటి వద్దకు వెళ్లే హక్కు కోస్ట్‌గార్డువే. కొన్ని రాష్ట్రాల్లో నీటిలో ఉన్న స్తంభం కింది నేల రాష్ట్రానిది కావడంతో దానికి మరో ఒప్పందం కావాలి. అందుకే ఉచితం అనే మాటను జాగ్రత్తగా తీసుకోవాలి. కట్టడానికి ధర లేదు, దాన్ని మోయడానికి ఉంది. పడవ మీదే చేరగల స్తంభానికి ఇటుకలు, మేస్త్రీలు, జనరేటరు, అన్నీ పడవ మీదే పోవాలి, అదీ సముద్రం అనుమతించిన రోజుల్లోనే. ఒడ్డున ఉన్నదానికి టిక్కెట్టు కొని మెట్లెక్కే సందర్శకులు ఆదాయం తెస్తారు; నీటిలో ఉన్నదానికి ఆ మార్గం లేదు. ఈ చట్టం వల్ల మేలు జరిగిందనడంలో సందేహం లేదు గానీ, ఆ మేలు ఒడ్డు స్తంభాలకు ఎక్కువగా, నీటి స్తంభాలకు తక్కువగా అందింది. ఫ్లోరిడా పగడపు దిబ్బల ఇనుప కట్టడాలు, సరస్సుల మధ్య ఉన్న గుట్ట దీపాలు రాబోయే దశాబ్దాల్లో ఎక్కువ ప్రమాదంలో ఉన్నవి అనుకోవడానికి ఇదే కారణం.

సముద్ర మట్టం పెరగడం ఈ తేడాను ఇంకా పెంచుతుంది. 2024 జనవరి తుపానులో మెయిన్ తీరంలోని పెమక్విడ్ పాయింట్ వద్ద స్తంభం నిలిచింది, పక్కనే ఉన్న గంట గది గోడ ఒకవైపు కూలింది. దెబ్బలు ముందుగా ఇలాంటి అనుబంధ కట్టడాలకు, పడవ దిగే మెట్లకు, నడక దారులకు తగులుతాయి. అవి పోతే స్తంభం నిలిచి ఉన్నా దాన్ని చేరడం కష్టమవుతుంది, చేరలేనిదాన్ని బాగుచేయడం అంతకన్నా కష్టం. ఉపగ్రహ సంకేతాలకు అంతరాయం కలిగే అవకాశం ఉన్నంతకాలం కంటికి కనిపించే దీపాన్ని పూర్తిగా తీసేయకపోవచ్చు, కానీ దానికి సన్నని ఉక్కు స్తంభం మీద ఒక ఎల్‌ఈడీ సరిపోతుంది.

వర్జీనియాలోని కేప్ హెన్రీలో దీపం దారి, పాత కట్టడం దారి రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. 1792 నాటి ఇసుకరాతి స్తంభంలో 1872లో పరిశీలకులు పగుళ్లు చూసి, ఎప్పుడు కూలుతుందో చెప్పలేమన్నారు. అందుకే 1881లో సుమారు 350 అడుగుల దూరంలో కొత్త ఇనుప స్తంభం లేచింది. పాతదాన్ని కూల్చకుండా అలాగే వదిలేశారు. 1930లో కాంగ్రెస్ దాన్ని వర్జీనియా పురాతన కట్టడాల సంరక్షణ సంఘానికి అప్పగించింది. కూలుతుందన్నది నేటికీ కూలలేదు. ఇనుప స్తంభం మీద కోస్ట్‌గార్డు దీపం వెలుగుతోంది, రాతి స్తంభం మెట్లను సందర్శకులు ఎక్కుతున్నారు.